మందలో కుక్కదీ ఒక లెక్కే

మా ఆస్పరి పక్క వేరుశనగ, పత్తి చేలు ఖాళీ అయితే ఎక్కడ చూసినా గొర్ల మందలే. ఎరువు కోసం రైతులే పిలిచి మంద పెట్టించుకుంటారు. రాత్రి చేలో పడుకునే కాపరికి కుక్క లేకుంటే కునుకు పట్టదు. కొత్తగా జీవాలు కొన్న పిల్లలకు నేను చెప్పేది ఇంతే.

1. కుక్కపిల్లను పాలు మరవగానే దొడ్డిలో వేయండి. మూడు నాలుగు నెలల లోపల ఎవరితో పెరిగితే వాళ్లే దానికి తనవాళ్లు. ఇంట్లో పిల్లకాయలతో ఆడి పెరిగింది ఇంటినే కాస్తుంది.

2. ఆరేడు నెలలప్పుడు ఆటకని గొర్రెపిల్లల వెంటపడి చెవులు కొరుకుతుంది. కొట్టొద్దు. మోకాళ్లకు తగిలేటట్టు మెడకు ఒక కట్టె వేలాడదీయండి, తానే ఆగుతుంది. రెండేళ్లు రానిదే రాత్రి కాపలా దానొక్కదానికే వదలొద్దు.

3. తోడేలు వెంట దూరం ఉరికే కుక్కను మెచ్చుకోవద్దు. ఒక తోడేలు దాన్ని లాక్కుపోతే ఇంకొకటి ఇటునుంచి పిల్లను ఎత్తుకుపోతుంది. మంద చుట్టే తిరుగుతూ మొరిగేదే కుక్క. ఉంటే రెండు ఉండాల. తోడేలు కోసం చచ్చిన గొర్రెకు విషం పూసి పెట్టడం మానండి. ముందు చచ్చేది మన కుక్కే. పైగా తోడేలును చంపితే 1972 వన్యప్రాణి చట్టం కింద కేసు.

4. ఇది బాగా వినండి. చచ్చిన గొర్రె తలకాయ, కార్జం పచ్చివి కుక్కకు వేయొద్దు. గొర్రె మెదడులో నీటితిత్తి ఉంటే, అది తిన్న కుక్క కడుపులో బద్దెపురుగవుతుంది. దాని గుడ్లు కుక్క మలంతో గడ్డి మీద పడతాయి. ఆ గడ్డి మేసిన జీవం మెదడులో మళ్లీ తిత్తి. తల ఒక పక్కకు వాల్చి, మంద కదిలిపోయినా ఒకే వైపు గిరగిర తిరుగుతుంటుంది. ముదిరిన జీవానికి నెత్తిమీద వేలితో నొక్కితే ఒక్కోసారి ఎముక మెత్తగా తగులుతుంది. గాలి సోకిందని తాయెత్తు కడతారు, ఏం లాభం? కార్జంలో నీటిబుగ్గలు తెచ్చే పురుగు ఇంకొకటుంది, అది మనుషులకూ వస్తుంది. చచ్చినదాన్ని లోతుగా పూడ్చండి. మూడు నెలలకొకసారి డాక్టరునడిగి కుక్కకు నట్టల మందు వేయండి. గొర్లకు తాపి కుక్కను వదిలేస్తే ఆ ఖర్చు దండగ.

5. జొన్నరొట్టె, సంగటి, మజ్జిగ కడుపునిండా పెట్టండి. మనం మొక్కే మైలారు దేవుని పక్కనే కుక్క ఉంటుంది. దసరాకు దేవరగట్టుకు పోయి మొక్కివచ్చినోళ్లే మంద కుక్కను పస్తుపెట్టడం చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

6. కుక్కకు ఏటా రేబిస్ టీకా వేయించండి. ఏ కుక్క కరిచినా పావుగంట సబ్బునీళ్లతో కడిగి ఆస్పత్రికి పోండి, పసర్లు పూయొద్దు. జూలై 6న జూనోసిస్ దినం, అంటే జంతువుల నుంచి మనుషులకు వచ్చే రోగాల దినం; పాశ్చర్ అనే శాస్త్రవేత్త 1885లో తొలిసారి మనిషికి రేబిస్ టీకా వేయించిన రోజు. ఆ పొద్దు పశువుల ఆస్పత్రిలో ఉచితంగా వేస్తారు. తాడు కట్టి తోలుకుపోండి నాయనా.