నాయిన జీపుకు కొత్త హంగులా?

ప్రశ్న: మా నాయిన కొన్న మహీంద్రా జీపును ఇంటిల్లిపాదీ ఇప్పటికీ నడుపుతున్నాం. చెలకల్లో తిరగడానికి వేరే ఇంజను, పెద్ద టైర్లు, ముందు ఇనుప గార్డు పెట్టిద్దామంటున్నాడు తమ్ముడు. పెట్టించవచ్చా?
– ఒక పాఠకుడు, కొత్తకోట

జవాబు: ఇంజను మార్చాలంటే ముందే రవాణా శాఖ అనుమతి కావాలి. మార్చాక 14 రోజుల్లో తెలిపి ఆర్సీలో ఎక్కించుకోవాలి. కంపెనీ కొలతలకు భిన్నంగా బండిని మార్చకూడదని 2019లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. గార్డు మాట మరిచిపోండి; 2017లోనే కేంద్రం వద్దంది. కొత్తకోట మీదుగా పోయే 44వ జాతీయ రహదారిపై అది తగిలితే పాదచారి గతేమిటి?

మితిమీరిన టైర్లతో యాక్సిల్‌పై భారం పెరుగుతుంది, బ్రేకు పట్టు తగ్గుతుంది, స్పీడోమీటరు అసలు వేగంకన్నా తక్కువ చూపిస్తుంది. తడి నేలకు సైజు కన్నా గాడులే ముఖ్యం. అదే సైజులో లోతు గాడుల టైర్లు వేయించి, మిగిలిన డబ్బు కమాన్‌పట్టీలకూ బ్రేకులకూ పెట్టండి. తమ్ముడు అలిగినా సరే! 15 ఏళ్లు దాటిన బండికి ఐదేళ్లకోసారి రిజిస్ట్రేషన్ పునరుద్ధరించాలి. అనుమతిలేని మార్పులుంటే అక్కడే ఆపేస్తారు.