పెడల్ స్టీల్ గిటార్: ముద్ర పడిన వాద్యం

నాదస్వరం వినిపించగానే మనకు పెళ్ళి గుర్తుకొస్తుంది. వెనకటి రోజుల్లో రేడియోలో పాటలు మాని సారంగి ఒక్కటే వాయిస్తుంటే, ఎవరో పెద్ద నాయకుడు పోయాడని ఇంట్లో పెద్దవాళ్ళు అనుకునేవారు. ఆ దుఃఖం సారంగిలో ఉందా, లేక మన చెవిలో ఉందా? అలవాటు ఒక వాద్యం మీద వేసే ముద్ర ఎంత గట్టిది, దాన్ని దాటడం సాధ్యమా అన్నదే ఈ వ్యాసంలో నేను పరిశీలించదలచిన విషయం. ఉదాహరణగా అమెరికాలో రూపుదిద్దుకున్న పెడల్ స్టీల్ గిటార్‌ను, దానితో కొందరు ప్రయోగశీలురు చేసిన ఎల్.పి. రికార్డులను తీసుకుంటున్నాను.

ఈ కథ హవాయి దీవుల్లో మొదలవుతుంది. 19వ శతాబ్దం చివరలో జోసెఫ్ కెకుకు అనే విద్యార్థి తీగల మీద లోహపు ముక్కను జరుపుతూ గిటారు వాయించే పద్ధతిని పెంచి పోషించాడని ప్రసిద్ధి. మన గోటువాద్యంలోనూ చేసేది ఇంచుమించు అదే. 1915లో శాన్‌ఫ్రాన్సిస్కోలో జరిగిన అంతర్జాతీయ ప్రదర్శన తరవాత ఈ బాణీ అమెరికా అంతటా పాకింది. 1930 దశకంలో దానికి విద్యుత్తు తోడయింది. అయితే ఒక చిక్కు మిగిలింది. కడ్డీ తీగలన్నిటి మీదా ఒకే అడ్డగీతలా ఉంటుంది కనుక, దాన్ని జరిపితే అన్ని స్వరాలూ ఒక్కసారే జరుగుతాయి. వాటిలో ఒక్కదాన్నే కదిలించాలంటే ఎలా?

దానికి జవాబే పెడల్. నాలుగు కాళ్ళ మీద నిలబడే ఈ వాద్యానికి సాధారణంగా 10 తీగలు ఉంటాయి. కింద పెడళ్ళు, మోకాళ్ళకు తగిలేలా మీటలు, కుడి పాదం కింద ధ్వనిని పెంచి తగ్గించే మరో పెడల్. వాయించేవారికి రెండు చేతులూ, రెండు పాదాలూ, రెండు మోకాళ్ళూ పనిలోనే ఉంటాయి.

మన సంగీతం తెలిసినవారికి దీన్ని సులువుగా చెప్పవచ్చు. షడ్జమం, అంతర గాంధారం, పంచమం పలికే మూడు తీగలు కలిసి మోగుతున్నాయనుకోండి. ఒక పెడల్ తొక్కితే పంచమం తీగ బిగిసి చతుశ్రుతి ధైవతానికి ఎక్కుతుంది. దాని పక్క పెడల్ తొక్కితే గాంధారం శుద్ధ మధ్యమానికి ఎక్కుతుంది. కడ్డీ కదలదు, షడ్జమమూ కదలదు. ఒక స్వరం నిలిచి ఉండగానే పక్క స్వరం దాన్ని ఒరుసుకుంటూ పైకి పోతుందన్న మాట. ఈ ఒరిపిడే ఈ వాద్యానికి ప్రాణం.

1954లో వెబ్ పియర్స్ పాడిన ‘స్లోలీ’ అనే పాట గొప్పగా ప్రజాదరణ పొందింది. అందులో బడ్ ఐజాక్స్ తీగ మోగుతుండగానే పెడల్ తొక్కి ఈ ఒరిపిడిని లోకానికి వినిపించాడు. అంతే, అమెరికా పల్లెపాటల బృందాలన్నీ దాని వెంట పడ్డాయి. ప్రేమలో ఓడిపోయినవాడు, సారా కొట్టు, కన్నీళ్ళు – వీటికి తోడు పెడల్ స్టీల్. ముద్ర పడిపోయింది.

ఆ ముద్రను కదిలించిన రికార్డుల్లో నాకు మొదట తోచేది బ్రయన్ ఈనో 1983లో వెలువరించిన ‘అపోలో’. చంద్రయాత్రల మీద అల్ రీనర్ట్ తీస్తున్న చిత్రం కోసం చేసిన సంగీతమది. వ్యోమగాముల్లో కొందరు పల్లెపాటల కేసెట్లు వెంట తీసుకుపోయారన్న సంగతి ఈనోకు ఊతమైంది. అందుకే డేనియల్ లన్వా పెడల్ స్టీల్ అందులో బరువు కోల్పోయి తేలుతున్నట్టుగా వినిపిస్తుంది. పాత ముద్ర చెరగలేదు కాని, సారా కొట్టు నుంచి ఆకాశానికి మారింది.

ఇంకా ముందుకు పోయినావిడ సూసన్ ఆల్కార్న్ (1953–2025). టెక్సాస్‌లోని హ్యూస్టన్ ప్రాంతంలో ఏళ్ళ తరబడి పల్లెపాటల బృందాల్లో వాయించి బతికిన మనిషి. హ్యూస్టన్‌లోనే పుట్టిన స్వరకర్త పాలీన్ ఒలివెరోస్ ప్రబోధించిన ‘లోతుగా వినడం’ అనే సాధన ఆమెను మలిచింది. ఫ్రెంచి స్వరకర్త ఒలీవియే మెస్సియాన్ మరో ప్రేరణ. రెండు ప్రపంచయుద్ధాల మృతుల స్మృత్యర్థం ఆయన 1964లో రాసిన కృతిలో ఊదే వాద్యాలు, మోగించే లోహవాద్యాలే తప్ప ఒక్క తంత్రీవాద్యం కూడా లేదు. అలాంటి కృతి ఈమెను పట్టుకుంది. దాని పేరును తలపించేలా 2007లో ‘అండ్ ఐ అవైట్ ద రిసరక్షన్ ఆఫ్ ద పెడల్ స్టీల్ గిటార్’ అనే ఎల్.పి. వెలువరించింది. అంటే పెడల్ స్టీల్ పునరుత్థానం కోసం వేచి ఉన్నానని! శార్ఙ్గదేవుడి ‘సంగీతరత్నాకరం’లోని 120 దేశీ తాళాలను శ్రద్ధగా చదివి తన రచనల్లో వాడుకున్నవాడు ఈ మెస్సియానే అని మనవాళ్ళు గుర్తుంచుకోవాలి.

ఆల్కార్న్ సంగీతాన్ని నేను మిత్రులకు వినిపించినప్పుడు ఒకడు, “ఏమిట్రా, ఈవిడ ఇంకా శ్రుతి చేసుకుంటూనే ఉందా?” అన్నాడు. ప్రశ్న మంచిదే. పాటలో ఒక్క క్షణం మెరిసి పోయే ఆ ఒరిపిడిని ఆమె నిమిషాల తరబడి సాగదీసి, దాని లోపల ఏముందో చూపిస్తుంది. కన్నీరు అనుకున్నది కాస్తా రెండు స్వరాల మధ్య దూరంగా మారుతుంది.

అయితే ప్రయోగమన్నదల్లా మంచిదని నేను అనను. ధ్వని పెడల్‌తో మీటిన దెబ్బను దాచి, ప్రతిధ్వని కలిపి పొగమంచులా పరిచేస్తే చాలా రికార్డులు ఒకేలా ఉంటాయి. ఆ పని సింథసైజరైనా చేస్తుంది. నా కొలబద్ద ఒక్కటే: తీగ మీద తీగ నడిచే ఆ గుణం అందులో వినిపిస్తోందా, లేదా?

ఇలాంటి సంగీతం తరచు ఎల్.పి.గా రావడానికి అభిరుచితో పాటు భౌతికశాస్త్రం కూడా కొంత తోడ్పడింది. నిమిషానికి 33⅓ చుట్లు తిరిగే పళ్ళెంలో ఒక వైపు సుమారు 20 నిమిషాలు పడుతుంది. మంద్రస్థాయి ఎక్కువైనా, ధ్వని హెచ్చినా గాడి వెడల్పవుతుంది, సమయం తగ్గుతుంది. నెమ్మదైన సన్నని సంగీతానికి ఆ ఇబ్బంది తక్కువ. కాని నిశ్శబ్దం ఎక్కువైతే గాడిలోని చిటపటలు పైకి తేలతాయి. అంచు దగ్గర ఒక చుట్టుకు ముల్లు సుమారు 90 సెంటీమీటర్లు నడిస్తే, లోపలి చివర 40కి దగ్గరగా నడుస్తుంది. అందువల్ల చివర్లో హెచ్చుస్థాయి స్వరాలు కొంత మసకబారతాయి. ఇవన్నీ లెక్కలోకి తీసుకుని కళాకారుడు ఒక్కో వైపును ఒక్కో కృతిగా కడతాడు. వినేవాడికి కూడా మధ్యలో దాటేసే వీలు తక్కువ. 20 నిమిషాలు కూర్చోవాల్సిందే.

మన దేశంలోనూ ఇలాంటిది జరిగింది. సినిమా పాటల వరసలకే పరిమితమనుకున్న హవాయి గిటారును బ్రిజ్ భూషణ్ కాబ్రా రాగాలాపనకు నిలబెట్టారు. 1967లో శివకుమార్ శర్మ, హరిప్రసాద్ చౌరసియాలతో కలిసి ఆయన వాయించిన ‘కాల్ ఆఫ్ ద వ్యాలీ’ ఎల్.పి. అందుకు సాక్ష్యం.

ఒక సంగతి మరువరాదు. ఆల్కార్న్ పల్లెపాటలను చిన్నచూపు చూడలేదు. అక్కడ నేర్చిన చేతివాటమే ఆమెను ఇంత దూరం తెచ్చింది. ముద్రను దాటడమంటే పుట్టింటిని కాదనడం కాదు. విద్యార్థి మిత్రులు ముందు ‘స్లోలీ’ని, ఆ వెంటనే ఆల్కార్న్ రికార్డులో ఒక వైపును పూర్తిగా వినండి. రెండింట్లోనూ ఉన్నది అదే ఉక్కు కడ్డీ, అవే పెడళ్ళు. మారినదేమిటో మీ చెవే చెబుతుంది.