ఒంటరిగా ప్రయాణించే పెద్దవారికి: మోకాళ్లతోపాటు కిడ్నీలనూ కాపాడుకోండి



ఉద్దానం పల్లెల్లో పిల్లలు పనుల కోసం దూర ప్రాంతాలకు వెళ్లగా, పెద్దవారే ఇంట్లో మిగిలిన కుటుంబాలు చాలా ఉన్నాయి. పరీక్షల కోసం రావివలస నుండి టెక్కలికో పలాసకో వెళ్లాలన్నా, విశాఖపట్నంలో పెద్దాసుపత్రికి వెళ్లాలన్నా వారు ఒంటరిగానే బయలుదేరుతారు. మోకాళ్లు సరిగా వంగనివారికి ఇది కష్టమే గాని అసాధ్యం కాదు. అయితే ప్రయాణం సులువుగా సాగాలని కొందరు చేసే రెండు పనులు కిడ్నీలకు కీడు చేస్తాయి. ముందుగా వాటిని తెలుసుకుందాం.

1. నీళ్లు మానవద్దు

దారిలో మూత్రానికి దిగలేమనే భయంతో ఉదయం నుండి నీళ్లు ముట్టనివారున్నారు. చెమట పోయి, నీరు అందకపోతే కిడ్నీలకు వెళ్లే రక్తం తగ్గుతుంది. తల తిరిగి పడిపోవచ్చు కూడా. ఇంటి దగ్గర ఒకసారి, కాంప్లెక్సులో బస్సు మారేటప్పుడు మరొకసారి మూత్రానికి వెళ్లండి. నీళ్ల సీసా వెంట ఉంచుకొని కొంచెం కొంచెంగా తాగండి. డయాలసిస్ చేయించుకునేవారు, గుండె జబ్బు ఉన్నవారు మాత్రం డాక్టరు చెప్పిన కొలత దాటవద్దు.

2. సొంతంగా నొప్పి మాత్ర వేసుకోవద్దు

మెట్లు ఎక్కగలగాలని మందుల షాపులో డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి మాత్రలు కొని వేసుకుంటారు. ఇవి కిడ్నీల రక్తనాళాలను కుదిస్తాయి. నీళ్లు తాగని రోజున, బీపీ మాత్రలతోపాటు వీటిని వేసుకుంటే ప్రమాదం ఇంకా పెరుగుతుంది. మన ఉద్దానంలో బీపీ, షుగరు లేనివారిలో కూడా కిడ్నీ జబ్బు కనిపిస్తున్నది గనుక ఈ జాగ్రత్త అందరికీ అవసరం. నొప్పికి ఏ మాత్ర, ఎంత వేసుకోవాలో ముందే డాక్టరును అడగండి. బీపీ మాత్రలను మీ అంతట మీరు మానవద్దు.

3. ఎక్కడం, దిగడం

చేతికర్రను నొప్పి ఉన్న కాలికి ఎదుటి వైపు చేతిలో పట్టుకోవాలి. ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు. అలా చేస్తే శరీర బరువును మంచి మోకాలే మోస్తుంది. సామాను భుజానికి తగిలించుకుంటే కమ్మీ పట్టుకోవడానికి చేయి ఖాళీగా ఉంటుంది. బండి పూర్తిగా ఆగిన తర్వాతే సీటులోనుండి లేవండి. కూర్చున్నంతసేపూ మడమలను పైకి, కిందికి ఆడిస్తూ ఉంటే కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం తగ్గుతుంది.

4. అడిగితే దొరికే సహాయం

రైల్వేలో 60 ఏళ్లు దాటిన పురుషులకు, 45 ఏళ్లు దాటిన స్త్రీలకు, ఒంటరిగా ప్రయాణిస్తే కింది బెర్తు కోటా ఉంది. టికెట్టు ఫారంలో వయసు సరిగా రాయించండి. పలాసలోగాని, నౌపడ జంక్షనులోగాని రైలు ఎక్కేవారు చక్రాల కుర్చీ కోసం స్టేషన్ మాస్టరును ముందుగానే అడగాలి. రైలులో ఆరోగ్యం బాగులేకపోతే 139కి ఫోన్ చేయాలి. 2025 ఆగస్టు 15 నుండి రాష్ట్ర స్త్రీలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. 60 ఏళ్లు దాటిన పురుషులకు ఆర్టీసీ టికెట్టులో 25 శాతం రాయితీ ఉంది. ఆధార్ కార్డు వెంట ఉండాలి.

దూర ప్రయాణం తప్పుతుందేమో కూడా విచారించండి. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి ప్రారంభమైంది.

5. సంచిలో ఉండవలసినవి

ఆ రోజు మందులు, మరో రెండు రోజుల మందులు, పాత రిపోర్టులు, షుగరు ఉన్నవారికి బిస్కెట్లు. జబ్బుల పేర్లు, ఇంటివారి ఫోన్ నంబర్లు కాగితంపై రాసి జేబులో ఉంచాలి. సెల్‌ఫోన్ ఛార్జింగు అయిపోయినా ఆ కాగితం పనికివస్తుంది.

కుటుంబాలకు మనవి

మీ వీధిలో ఒంటరిగా ఉన్న పెద్దవారు ఎప్పుడు ఆసుపత్రికి వెళ్తారో అడగండి. అదే రోజు మీ పని పెట్టుకుంటే వారికి తోడు దొరికినట్లే.

ఇంట్లో మాట్లాడుకోండి

మన పెద్దవారు ఏ నొప్పి మాత్ర వాడుతున్నారు? ప్రయాణం రోజున నీళ్లు తాగుతున్నారా? వారి జేబులో మన ఫోన్ నంబరు ఉన్నదా?