బూట్లు అటక మీద పెట్టకు

వనపర్తి

చెల్లే,

ఫోన్ల చెప్తే "సరే అక్కా" అని పెట్టేస్తవు. అందుకే కాగితం మీద రాస్తున్న. గ్రూప్స్ పరీక్షలకు కూర్చున్నకాడి నుంచి నువ్వు గ్రౌండు దిక్కు పోతలేవట, బూట్లు అటక మీద పెట్టినవట, రాత్రి రెండింటిదాక నిద్ర పడ్తలేదట. చిన్నమ్మ అడిగితే "గ్రూప్స్‌ల ఉరుకుడు లేదు గద" అన్నవట.

2022 కానిస్టేబుల్ నోటిఫికేషన్ అప్పుడు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లల్ల ఉరకాలని చీకటితోనే లేచింది నువ్వే గద. మొదట్ల ఒక్క రౌండుకే నడుం పట్టుకొని కూలబడేదానివి. ఈవెంట్ల నాడు గీత దాటి, ఇంకో రౌండు కొట్టేటట్టు నిలబడ్డవు. లాంగ్ జంప్ రెండున్నర మీటర్లు, నాలుగు కిలోల గుండు నాలుగు మీటర్లు, అన్నీ గట్టెక్కినవు. రాతపరీక్షల మార్కులు చాలలేదు, అది వేరే సంగతి. దాంతోటి ఆ ఉరుకుడంత దండుగ అనుకుంటున్నవు చూడు, అక్కడ నాకు కోపమొచ్చింది.

నువ్వొక్కదానివే కాదులే. నోటిఫికేషన్ పడ్డదంటే గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ఎక్కడ చూసినా గ్రౌండ్లు తెల్లారకముందే నిండుతయి. రిజల్ట్ వచ్చినంక క్రికెట్ ఆడే పిల్లలు తప్ప ఎవ్వరుండరు. మనకు వ్యాయామమంటే దరఖాస్తుకు జతచేసే జిరాక్స్ కాపీ లెక్క అయిపోయింది. ఉద్యోగం వచ్చినోళ్లు సుత మానేస్తరు. తర్వాత పొట్టలు వేసుకొని నడుం నొప్పని నా ఫిజియోథెరపీ బల్ల మీదికే వస్తరు.

ఉరికిన ఆ నెలల్ల నీ ఒంట్ల ఏమైందో చెప్త విను. గుండె ఒక్క దెబ్బకు ఎక్కువ రక్తం తోసుడు నేర్చుకుంది, అందుకే పండుకున్నప్పుడు నాడి నెమ్మదిగ కొట్టుకునేది. మానేసిన రెండు మూడు వారాల నుంచే ఆ లాభం కరుగుడు మొదలైతది. ఎముకల సంగతి ఇంకా ముఖ్యం. ముప్పై ఏండ్ల లోపల ఎంత గట్టిపడితే అంతే మూలధనం, ఆడోళ్లకు ముట్లు ఆగినంక ఆ బలం జల్ది తగ్గుతది. నీకిప్పుడు ఇరవై ఐదు. దుంకుడు, ఉరుకుడు ఇప్పుడే పనికొస్తయి.

నిద్ర మాట కూడ అంతే. అప్పుడు తొమ్మిదింటికి కండ్లు మూతపడేవి. పగలంత చదివింది నిద్రలనే మెదట్ల కుదురుకుంటది. రెండింటిదాక దొర్లి, తెల్లారి అదే పాలిటీ పేజీ మళ్ల మొదటి నుంచి చదువుతున్నవంటే గంటలెన్ని కూర్చుంటే ఏం లాభం? ఉరికితే దిగులు పోతదని నేననను. పోస్టులెన్ని, కటాఫ్ ఎంత అనే సోది అట్లనే ఉంటది. కాని అరగంట చెమట పట్టినంక అది గుండెల మీద కూర్చోదు.

ఇగ చిన్నాయన. "నేను పొద్దంత కాళ్లు ఆడిస్తనే ఉంట, నాకు లేని వ్యాయామం దీనికెందుకు" అంటడు. గుంట మగ్గంల కాళ్లు దించి, మెడ వంచి, ఒకచేత్తో తాడు గుంజుతు నాడె ఉరికిస్తుంటే ఆయన కుడిభుజం ఎడమదానికన్న పైకి లేచి ఉండుడు నువ్వెప్పుడన్న చూసినవా? సీడ్ పత్తిల పూలకు చేత్తో పుప్పొడి అద్దే క్రాసింగ్‌కు పోయే ఆడోళ్లకు మెడ, నడుం అట్లనే పడ్తయి. రెక్కల కష్టం వేరు, వ్యాయామం వేరు. కష్టంల ఒక్కటే కీలు, ఒక్కటే వంపు. ఒళ్లు చాలన్నప్పుడు ఆపే వీలుండదు, చీర దిగాలె, మొగ్గ వాడకముందే క్రాసింగ్ అవ్వాలె. అందుకని ఆయనకు ఉరుకుడు చెప్పకు. అరగంటకొకసారి గుంటల నుంచి లేచి, నడుం మీద చేతులు పెట్టి వెనుకకు వంగమను. పొద్దుమూకినంక నీతోటి నడవమను. పెద్దోళ్లకు వారానికి 150 నుంచి 300 నిమిషాల నడక లాంటి పని, రెండు రోజులు కండ్రాలకు బలమిచ్చే పని ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తది.

ఈడొచ్చిన పిల్ల రోడ్డు మీద ఉరుకుడేంది అనేటోళ్లు ఉంటరు. 2022 లెక్కల ప్రకారం మన దేశంల చాలినంత కదలని మొగోళ్లు నూటికి 42 మంది, ఆడోళ్లు 57 మంది. ఇది బద్ధకం లెక్కనేనా? పూర్ణ గుర్తుందా, నిజామాబాద్ దిక్కు పాకాల పిల్ల? 2014 మే 25 నాడు ఎవరెస్ట్ ఎక్కేటప్పటికి పదమూడేండ్ల పదకొండు నెలలు. ఆమె గురుకులం పిల్ల. భువనగిరి గుట్ట మీద తాడు పట్టుకొని మొదలుపెట్టింది. ఆ పిల్లల్ని కొండలెక్కించిన అప్పటి గురుకులాల కార్యదర్శి ప్రవీణ్‌కుమార్ మీ అలంపూర్ ఆయననే. మన ఆడపిల్లల కాళ్లల్ల బలం తక్కువ లేదు, గ్రౌండు దాక పోనిచ్చేటోళ్లు తక్కువ. నిన్ను చిన్నమ్మ పోనిస్తది. అదెంత పెద్ద మాటనో ఆలోచించు.

మళ్ల మొదలుపెట్టే ముందు రక్తపరీక్ష చేయించుకో. మన రాష్ట్రంల పదిహేను నుంచి నలభై తొమ్మిదేండ్ల ఆడోళ్లల్ల నూటికి 57 మందికి పైగ రక్తం తక్కువ. హిమోగ్లోబిన్ 12 లోపల ఉంటే డాక్టరుకు చూపించి గోలీలు వాడు, ఉట్టిగ బలవంతంగ ఉరకకు. అన్నం తిన్నంక వెంటనే చాయ తాగకు, తిండిల ఉన్న ఇనుమును ఒంటికి పట్టనీయదు. జొన్నరొట్టె, పల్లీలు ఇంట్లనే ఉన్నయి, ప్రొటీన్ పౌడరు డబ్బాల కోసం పైసలు తగలెయ్యకు. మొదటి వారం నడక, మధ్యల కొంచెం కొంచెం ఉరుకుడు. ఎండలు ముదిరినంక ఆరున్నర లోపల ఇంటికి రావాలె. స్టాప్‌వాచ్ ఇంట్లనే పెట్టిపో, ఇప్పుడు నీ టైమ్ ఎవ్వరు రాసుకోరు.

చైత్ర పౌర్ణమికి నల్లమలల సలేశ్వరం జాతరకు పోదామనుకుంటున్న. బండ్లు ఆగినకాడి నుంచి రాళ్లల్ల దిగి, జలపాతం కాడ తానం చేసి, మళ్ల అదే ఎత్తు ఎక్కి రావాలె. వస్తున్నం లింగమయ్యా అని అరుసుకుంట డెబ్బై ఏండ్ల ముసలవ్వలు మన ముంగట నడుస్తరు, సిగ్గుపడతవు చూడు. అచ్చంపేట బస్టాండ్‌ల కలుద్దాం. చిన్నాయనకు మగ్గం పని లేకుంటే ఆయనను కూడ తోలుకరా. ప్లాస్టిక్ సీసాలు వద్దు, స్టీల్ బాటిల్ పట్టుకరా.

మీ అక్క