అస్థికల సాక్ష్యం

మరణించినవారు మాట్లాడలేరు. అయినా వారి అస్థికలు సాక్ష్యం చెప్పగలవు. ఆ సాక్ష్యాన్ని చదవడానికి ఉపకరించే విద్యలలో డి.ఎన్.ఎ. అక్షరక్రమ నిర్ధారణ ఒకటి. దీనినే సీక్వెన్సింగ్ అంటారు. రష్యా రాజకుటుంబ వృత్తాంతం ఇందుకు చక్కని తార్కాణం.

1918 జులై 17వ తేదీ తెల్లవారకముందే యెకాటెరిన్‌బర్గ్ నగరంలో, పదవీచ్యుతుడైన జార్ చక్రవర్తి రెండవ నికోలస్‌ను, ఆయన భార్య అలెగ్జాండ్రాను, వారి ఐదుగురు సంతానాన్ని, నలుగురు పరిజనులను బోల్షివిక్కులు కాల్చి చంపారు. శవాలను రహస్యంగా పూడ్చిపెట్టారు. 1991లో ఆ నగర సమీపంలోని ఒక గోతిని తవ్వగా తొమ్మిది అస్థిపంజరాలు లభించాయి. మరణించినవారు పదకొండుగురు. మరి ఈ తొమ్మిది ఎవరివి? తక్కిన ఇద్దరు ఏమైనారు? రాకుమారి అనస్తాసియాను తానేనని జీవితాంతం వాదించి, 1984లో మరణించిన అన్నా ఆండర్సన్ మాటలో నిజమెంత?

డి.ఎన్.ఎ. నాలుగు రసాయనాక్షరాలతో రాసిన లిపి వంటిది. కణకేంద్రకంలోని డి.ఎన్.ఎ.లో కొన్ని చిన్న భాగాలు పదే పదే పునరావృతమవుతాయి. ఆ ఆవృత్తుల సంఖ్యను పోల్చి చూడగా, తొమ్మిదిమందిలో తల్లి, తండ్రి, ముగ్గురు కుమార్తెలు ఉన్నట్లు తేలింది. అయితే అది రాజకుటుంబమేనా అన్న ప్రశ్న మిగిలింది.

అందుకు మైటోకాండ్రియాలోని డి.ఎన్.ఎ. తోడ్పడింది. 16,569 అక్షర జంటల ఈ డి.ఎన్.ఎ. తల్లి నుండి మాత్రమే బిడ్డలకు సంక్రమిస్తుంది. ఒక్కొక్క కణంలో దీని ప్రతులు అనేకం ఉంటాయి కనుక జీర్ణించిన ఎముకలలోనూ దొరికే అవకాశం ఎక్కువ. దీనిని చదవడానికి ఫ్రెడరిక్ శాంగర్ 1977లో ప్రకటించిన పద్ధతిని అనుసరించారు. డి.ఎన్.ఎ.కు నకళ్లు తయారవుతున్నప్పుడు, నకలును అక్కడికక్కడే నిలిపివేసే ప్రత్యేకాక్షరాలను కొద్దిగా కలుపుతారు. అప్పుడు వేర్వేరు పొడవుల తునకలు ఏర్పడతాయి. వాటిని పొడవు ప్రకారం పేర్చి, ప్రతి తునక చివరి అక్షరాన్ని వరుసగా చదివితే మూలపాఠం తెలుస్తుంది.

అలెగ్జాండ్రా సోదరి కుమార్తెకు కుమారుడైన బ్రిటన్ రాకుమారుడు ఫిలిప్ రక్తం ఇచ్చాడు. ఆయన పాఠమూ, అస్థికలలోని తల్లీకుమార్తెల పాఠమూ సరిపోయాయి. జార్ విషయంలో మాత్రం చిక్కు వచ్చింది. 16,169వ స్థానంలో ఆయన మాతృవంశీయులకు ‘టి’ అనే అక్షరం ఉండగా, ఆయన ఎముకలో ‘సి’, ‘టి’ రెండూ కనిపించాయి. 1994లో శాస్త్రజ్ఞులు ఈ పాఠభేదాన్ని దాచక ప్రకటించారు. సందేహాలు చెలరేగాయి. అప్పుడు, 1899లో మరణించిన జార్ తమ్ముడు జార్జి సమాధిని తెరిచారు. అతని అస్థికలలో అదే స్థానంలో అవే రెండు అక్షరాలు కనిపించాయి. 1996లో ఈ ఫలితం వెలువడింది. సందేహానికి కారణమైనదే ప్రబల సాక్ష్యమైంది.

1998 జులై 17న ఆ అస్థికలకు సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో అంత్యక్రియలు జరిగాయి. తక్కిన ఇద్దరు పిల్లల అవశేషాలు 2007లో దొరికాయి. అవి వారివేనని 2009లో పరీక్షా ఫలితాలు ధ్రువపరిచాయి. అన్నా ఆండర్సన్‌కు రాజకుటుంబంతో సంబంధం లేదని 1994లోనే ఆమె కణజాల పరీక్ష తేల్చింది.

ఈ సాక్ష్యానికీ ఒక పరిమితి ఉంది. ఒకే తల్లి బిడ్డలకు మైటోకాండ్రియా పాఠం సాధారణంగా ఒకటిగానే ఉంటుంది. అందువల్ల ఇదొక్కటే వ్యక్తిని నిర్ణయించలేదు, కేంద్రకంలోని డి.ఎన్.ఎ., ఇతర ఆధారాలు కూడా తోడు కావాలి. నేరస్థుని శిక్షించేటప్పుడైనా, నిరపరాధిని విడిపించేటప్పుడైనా పరీక్షకుడు పొసగిన అక్షరాలతోపాటు పొసగని అక్షరాన్నీ న్యాయస్థానం ముందుంచాలి. ఒక్క అక్షరం మీద ఒక జీవితం ఆధారపడి ఉండవచ్చు.