బంతి తేలికే, భారమంతా ముంజేతిదే

టేబుల్ టెన్నిస్ ఆడేవాళ్ల దగ్గర్నుంచి వచ్చిన ఉత్తరాలు కొన్ని ఈసారి ఒకచోట చేర్చాను. అన్నిటిలోనూ బాధ మోచేతిదే.

ప్రశ్న: డాక్టరు గారూ, నాకు 43 ఏళ్లు. కాలేజీ రోజుల్లో టీటీ బాగా ఆడేవాణ్ని. మధ్యలో మానేసి నిరుడు మళ్లీ మొదలుపెట్టాను. వారానికి ఐదు రోజులు, సాయంత్రం రెండేసి గంటలు ఆడుతున్నాను. మూడు నెలల కిందట పాత చెక్క బ్యాట్ పక్కన పెట్టి, కార్బన్ బ్లేడ్ కొని రెండు వైపులా దళసరి రబ్బర్లు వేయించుకున్నాను. నెల తిరిగేసరికి కుడి మోచేతి బయటి వైపు నొప్పి మొదలైంది. ఇప్పుడు టీ గిన్నె దించాలన్నా, తడి తువ్వాలు పిండాలన్నా, బండి ఎక్సలరేటర్ తిప్పాలన్నా ప్రాణం జివ్వుమంటోంది. పదిహేను రోజులు ఆట ఆపితే తగ్గింది. బ్యాట్ పట్టుకోగానే మళ్లీ మొదటికొచ్చింది. టెన్నిస్ ఎల్బో అన్నారు. ఇంత తేలిక బంతితో ఆడే ఆటలో ఇదెందుకు వస్తుంది? ఆట మానేయాల్సిందేనా? – ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: మానక్కర్లేదండీ. కానీ ఇప్పుడు ఆడుతున్న పద్ధతిలో, ఈ బ్యాట్‌తో మాత్రం కొనసాగించకండి.

మీ సందేహం సరైనదే. టెన్నిస్ బంతి బరువు దాదాపు 58 గ్రాములు. టీటీ బంతి 2.7 గ్రాములే. ఆ బంతి తగిలితే మోచేయి దెబ్బతినదు. అసలు కారణం తెలియాలంటే చిన్న పరీక్ష చేసి చూడండి. ఎడమ చేతి వేళ్లను కుడి ముంజేతి పైభాగాన, మోచేతికి కాస్త కిందగా ఆనించి, కుడి పిడికిలి గట్టిగా బిగించండి. వేళ్లు ముడిచే కండరాలు ముంజేతి లోపలి వైపు ఉంటాయి. అయినా మీ వేళ్ల కింద బయటి కండరం రాయిలా గట్టిపడుతుంది. వేళ్లు ముడిచే టెండన్లు మణికట్టును దాటి వెళ్తాయి కాబట్టి, పిడికిలి బిగించినప్పుడల్లా మణికట్టును కూడా లోపలికి వంచేయబోతాయి. అలా వంగకుండా వెనక్కి పట్టి ఉంచేది ఈ బయటి కండరాలే. అంటే బ్యాట్‌ను పిండుతున్నంతసేపూ అవి పని చేస్తూనే ఉంటాయి, బంతి తగిలినా తగలకపోయినా. రెండు గంటల ఆటలో బంతి బ్యాట్‌ను తాకే సమయమంతా కలిపితే కొన్ని సెకన్లే. పట్టు మాత్రం రెండు గంటలూ ఉంటుంది.

ఆ కండరాల్లో ఎక్స్‌టెన్సర్ కార్పై రేడియాలిస్ బ్రెవిస్ అని ఒకటుంది. మోచేతి బయటి వైపు చేతికి తగిలే ఎముక బొడిపె దగ్గర దాని టెండన్ అతుక్కుని ఉంటుంది. మీ జబ్బు అక్కడే. దీన్ని చాలామంది వాపు అనుకుని నెలల తరబడి వాపు బిళ్లలు మింగుతారు. 1979లో అమెరికన్ సర్జన్ రాబర్ట్ నిర్షెల్, ఆపరేషన్‌లో తీసిన టెండన్ ముక్కల్ని పరీక్షించినప్పుడు వాటిలో కనిపించింది మామూలు వాపు కాదు. వరస తప్పి అల్లుకున్న పీచు, కొత్తగా మొలిచిన సన్నటి రక్తనాళాలు కనిపించాయి. శక్తికి మించిన పని పడి, మరమ్మతు సరిగ్గా జరగని టెండన్ అది. 35 నుంచి 55 ఏళ్ల మధ్య వాళ్లలో ఈ జబ్బు ఎక్కువగా కనిపిస్తుంది. ఉత్త విశ్రాంతితో నొప్పి తగ్గుతుంది గానీ టెండన్‌కు బలం రాదు. బ్యాట్ పట్టుకోగానే మీకు మళ్లీ మొదలైంది అందుకే.

ముందు బ్యాట్ సంగతి చూద్దాం. వంటింట్లో డిజిటల్ త్రాసు ఉంటే పాతదీ కొత్తదీ తూచి చూడండి. మామూలు చెక్క బ్లేడ్‌కు మధ్యరకం రబ్బర్లు వేస్తే 165, 175 గ్రాముల దగ్గర ఉంటుంది. మీరు చెప్పిన లాంటిది 190 దాటినా ఆశ్చర్యం లేదు. ఇరవై గ్రాములు ఒక లెక్కా అనిపించవచ్చు. కానీ ఆ బరువంతా రబ్బర్లది, అంటే చేతికి దూరంగా బ్యాట్ తల దగ్గర చేరింది. ఊపిన ప్రతిసారీ, ఊపు ఆపిన ప్రతిసారీ దాన్ని మోసేది మణికట్టే. తలబరువు బ్యాట్‌ను అదుపులో పెట్టడానికి తెలియకుండానే పట్టు బిగుస్తుంది. చైనా తరహా గట్టి జిగురు రబ్బరైతే ఇంకో చిక్కు. దానితో స్పిన్ రావాలంటే పూర్తి ఊపు ఇవ్వాలి. రోజూ కోచ్ దగ్గర సాధన చేసే పాతికేళ్ల కుర్రాడికి అది సరిపోతుంది. ఆఫీసు నుంచి నేరుగా బోర్డు దగ్గరకు వెళ్లేవారికి కాదు.

కాబట్టి మూడు నెలల పాటు పాత బ్యాట్‌కే తిరిగి వెళ్లండి. రబ్బరు నునుపుదేరి స్పిన్ పట్టకపోతే కొత్తది వేయించండి. పట్టు లేని రబ్బరుతో ఆడితే బలంతో కొట్టాలనిపిస్తుంది. బ్యాక్‌హ్యాండ్ వైపు మెత్తటి, తేలిక రబ్బరు, స్పాంజి 1.8 మిల్లీమీటర్లు చాలు. కార్బన్ బ్లేడే కావాలనుకుంటే నొప్పి పూర్తిగా పోయాక, తేలిక రబ్బర్లతో చూద్దురు గాని. కార్బన్ అదురు వల్లే మోచేయి పోతుందని ఆటగాళ్లు అనుకుంటుంటారు. దానికి గట్టి రుజువు లేదు. నా దృష్టిలో బరువు, పట్టు ముందు, తక్కినవన్నీ ఆ తర్వాతే.

పిడి కూడా చూసుకోండి. అరచేతికి మరీ సన్నంగా ఉంటే వేళ్లు చుట్టూ తిరిగి పిండేస్తాయి. పైన పలచటి గ్రిప్ టేపు ఒక చుట్టు వేస్తే ఆ అవసరం తగ్గుతుంది. దానికంటే ముఖ్యం చెమట. బెజవాడ ఉక్కపోతలో పిడి జారుతుంటే ఎవరైనా గట్టిగానే పట్టుకుంటారు. ఆటలో ప్రతి ఆరు పాయింట్లకు తువ్వాలు వాడుకోవడానికి నిబంధనలే వీలిచ్చాయి. ఆ కాస్త సమయంలో ముఖం ఒక్కటే తుడుచుకోకుండా అరచేయి, పిడి రెండూ పొడిగా తుడవండి.

ఇక ఆడే తీరు. పాయింటు అయిపోగానే బ్యాట్‌ను ఎడమ చేతికి మార్చి, కుడి చేతి వేళ్లు వదులుగా వేలాడనివ్వండి. చూడటానికి చిన్న అలవాటే, కానీ నేను చెప్పే అన్నిటిలోకీ దీనివల్లే ఎక్కువమందికి మేలు జరగడం చూశాను. సర్వీసు అందుకోవడానికి నిలబడ్డప్పుడు పక్కవాడు లాగితే జారిపోయేంత వదులుగా బ్యాట్ పట్టుకోండి. బంతి తగిలే క్షణంలో బిగిస్తే చాలు.

నొప్పి ఎక్కువగా బయటపడేది బ్యాక్‌హ్యాండ్‌లోనే. మోచేయి పక్కటెముకలకు అంటుకుని ఉండి, కాళ్లు కదలక, బంతి పక్కకు దాటిపోయాక అందుకుంటే మణికట్టు ఒక్కటే దాన్ని లాగాలి. లోపలికి వంగి ఉన్న మణికట్టు మీద అప్పుడు పడే ఒత్తిడి నేరుగా ఆ టెండన్‌కే చేరుతుంది. టెన్నిస్‌లో 1994లో చేసిన ఒక పరిశోధనలో, అనుభవజ్ఞులు బ్యాక్‌హ్యాండ్ కొట్టేటప్పుడు మణికట్టును వెనక్కి ఎత్తి ఉంచుతారనీ, కొత్తవాళ్లు లోపలికి వంచి కొడతారనీ తేలింది. టీటీలో మణికట్టు ఆడించక తప్పదు, కానీ అది చివర్లో కలవాలి. మోచేయి ఒంటికి బెత్తెడు ముందు, కొద్దిగా వంచి ఉంచండి. ఒక చిన్న అడుగు వేసి బంతిని పొట్టకు ఎదురుగా, అది పైకి లేచే దశలోనే అందుకోండి. ఊపు నడుము నుంచి, భుజం నుంచి రావాలి.

ఒక్క షాట్ మాత్రం ఆరు వారాలు పూర్తిగా మానేయమంటాను. బోర్డు మీద పొట్టి బంతిని మణికట్టు మెలితిప్పి కొట్టే బ్యాక్‌హ్యాండ్ ఫ్లిక్, ఈ రోజుల్లో కుర్రాళ్లు ‘బనానా’ అంటున్నది. మణికట్టు పూర్తిగా లోపలికి ముడిచి ఒక్కసారిగా విదిలించడం అది. జబ్బు పడిన టెండన్‌కు అంతకంటే కష్టమైన పని టీటీలో లేదు. ఆ బంతిని పొట్టిగా పుష్ చేయండి. పాయింట్లు కొన్ని పోతాయి, పోనివ్వండి.

చివరగా వ్యాయామం. నిజానికి వైద్యం ఇదే. పైన చెప్పినవన్నీ దీనికి అవకాశం ఇవ్వడానికే. ముంజేయి బల్ల మీద ఆనించి, అరచేయి కిందికి ఉండేలా చెయ్యి అంచు దాటించండి. అర లీటరు నీళ్ల సీసా పట్టుకుని, మణికట్టు తిన్నగా కదలకుండా 30 నుంచి 45 సెకన్లు నిలపండి. మధ్యలో నిమిషం ఆగుతూ ఐదుసార్లు. రెండు వారాల తర్వాత, ఎడమ చేత్తో కుడి చేతిని పైకెత్తి, కుడి చేత్తోనే నాలుగైదు సెకన్లు పట్టేలా నెమ్మదిగా దించండి. పదిహేనేసి మూడు విడతలు, రోజుకొకసారి. తేలికనిపిస్తే లీటరు సీసాకు మారండి. చేసేటప్పుడు కొంచెం నొప్పి ఉన్నా ఫర్వాలేదు. మర్నాడు పొద్దుటికి మామూలయిపోవాలి. కాకపోతే బరువు తగ్గించండి. ఎనిమిది నుంచి పన్నెండు వారాలు పడుతుంది. మూడో వారంలో ‘ఏమీ మారలేదు’ అని మానేసేవాళ్లే ఎక్కువ. మీరు మానకండి. బండి మీద వెళ్లేటప్పుడు కూడా ఎక్సలరేటర్‌ను పిండకుండా, మణికట్టు మరీ వెనక్కి విరగకుండా చూసుకోండి. ఆ కండరానికి అక్కడ కూడా విశ్రాంతి దొరకదు.

వేళ్లు తిమ్మిరెక్కినా, మెడ నుంచి నొప్పి దిగుతున్నా, మోచేయి చాచలేకుండా పట్టేసినా, వాచినా, వేళ్లు ఎత్తలేకపోయినా అది వేరే సమస్య కావచ్చు. ఆలస్యం చేయకుండా ఎముకల డాక్టరుకు చూపించుకోండి.

ప్రశ్న: నాకు 54 ఏళ్లు, షుగరు ఉంది. నాలుగు నెలలుగా టెన్నిస్ ఎల్బో. మూడు వారాల్లో వెటరన్స్ టోర్నమెంటు ఉంది. ఒక్క స్టెరాయిడ్ ఇంజెక్షన్‌తో ఆడేయొచ్చని తోటి ఆటగాళ్లు అంటున్నారు. వేయించుకోనా? – ఒక బ్యాంకు ఉద్యోగి, విశాఖపట్నం

జవాబు: వద్దండీ. వాళ్లు చెప్పింది సగం నిజం కాబట్టే గట్టిగా చెబుతున్నాను. ఇంజెక్షన్‌తో నొప్పి త్వరగా తగ్గుతుంది. టోర్నమెంటు కూడా ఆడేస్తారేమో. ఆ తర్వాత కథ వేరు. ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో 198 మంది మీద చేసిన పరీక్ష ఫలితాలు 2006లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చాయి. ఆరు వారాలకు ఇంజెక్షన్ వేయించుకున్నవాళ్లే ముందున్నారు. ఆ తర్వాత వాళ్లలో 72 శాతం మందికి నొప్పి తిరగబెట్టింది. ఏడాది చివరికి ఫిజియోథెరపీ చేయించుకున్నవాళ్లు, ఊరికే జాగ్రత్తగా ఉన్నవాళ్లు కూడా వాళ్లకంటే బాగున్నారు. 2013లో మరో పరీక్షలోనూ అదే తేలింది. పైగా మీకు షుగరు ఉంది, స్టెరాయిడ్ పడ్డాక కొన్ని రోజులు అది పెరుగుతుంది. నొప్పి తెలియకుండా పోయిన చేత్తో వరసగా మ్యాచ్‌లు ఆడటం అన్నిటికంటే ప్రమాదం.

మన రక్తంతోనే తయారు చేసే పీఆర్‌పీ ఇంజెక్షన్ గురించి కూడా అడుగుతుంటారు. ఖర్చు చాలా ఎక్కువ. దానితో చెప్పుకోదగ్గ మేలు లేదని 2021 కాక్రేన్ సమీక్ష తేల్చింది. ఆ డబ్బుతో మంచి ఫిజియోథెరపిస్టు దగ్గరకు వెళ్లండి. ఈ టోర్నమెంటు వదిలేయడం బాధే, నాకు తెలుసు. కానీ ఇప్పుడు వ్యాయామం మొదలుపెడితే వచ్చే సీజన్ మీ చేతిలో ఉంటుంది.

ప్రశ్న: మోచేతి బెల్టు కొన్నాను. ఎక్కడ, ఎంతసేపు కట్టాలి? – ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: నొప్పి ఉన్న బొడిపె మీద కాదు, దానికి రెండు వేళ్ల వెడల్పు కిందగా, కండరం మీద కట్టాలి. ఆడేటప్పుడు, బరువులెత్తేటప్పుడే వాడండి. వేళ్లు తిమ్మిరెక్కితే బిగువు ఎక్కువైనట్టే. రాత్రి తీసేయండి. బెల్టు నొప్పిని ఓర్చుకోవడానికే గానీ జబ్బును నయం చేయదు.

ప్రశ్న: మా అమ్మాయికి 12 ఏళ్లు. 2022 కామన్వెల్త్ క్రీడల్లో మన హైదరాబాద్ అమ్మాయి ఆకుల శ్రీజ, శరత్ కమల్‌తో కలిసి స్వర్ణం గెలిచినప్పటి నుంచి టీటీ అంటే పిచ్చి. రోజూ మూడు గంటలు ప్రాక్టీస్. ఇప్పుడు మోచేయి నొప్పి అంటోంది. మీరు పెద్దవాళ్లకు చెప్పే వ్యాయామాలు చేయించవచ్చా? – ఒక తల్లి, నిజామాబాద్

జవాబు: వద్దమ్మా, ముందు డాక్టరుకు చూపించండి. ఆ వయసులో టెన్నిస్ ఎల్బో చాలా అరుదు. ఎముకలు ఇంకా ఎదుగుతుంటాయి కాబట్టి, నొప్పి టెండన్‌ది కాకుండా ఎదిగే ఎముకదీ, కీలు మృదులాస్థిదీ కావచ్చు. పెద్దవాళ్లకు నేను ఎక్స్‌రే తొందరగా రాయను గానీ, పాపకు మాత్రం తీయించాలి. అంతవరకు బ్యాట్ పట్టనివ్వకండి. కోచ్‌తో కూడా మీరే మాట్లాడండి. బుట్టెడు బంతులు ఆగకుండా విసిరి కొట్టించే మల్టీబాల్ ప్రాక్టీస్ రోజూ ఎంతసేపు జరుగుతోందో అడగండి. నొప్పి చెబితే జట్టులోంచి తీసేస్తారని పిల్లలు దాస్తారు. మీ అమ్మాయి మీతో చెప్పింది, అందుకు మెచ్చుకోండి.

ప్రశ్న: నేను స్కూల్ టీచర్ని, 38 ఏళ్లు. మీరు ఇదివరకు చెప్పిన వ్యాయామాలు మూడు నెలలు చేశాను. నొప్పి దాదాపు పోయింది. మళ్లీ ఎలా మొదలుపెట్టాలి? – ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: చాలా సంతోషమమ్మా. ముందు ఒక పరీక్ష. తేలికపాటి ప్లాస్టిక్ కుర్చీని వెనక వైపు నుంచి, మోచేయి చాచి, అరచేయి కిందికి ఉంచి పట్టుకుని ఎత్తండి. నొప్పి లేకపోతే మీరు సిద్ధం.

మొదటి రెండు వారాలు రోజు విడిచి రోజు, ఇరవై నిమిషాలు ఆడండి. ఫోర్‌హ్యాండ్ డ్రైవ్, బ్లాక్ వరకే. మర్నాడు పొద్దున బోర్డు మీద రాస్తున్నప్పుడు చెయ్యి ఎలా ఉందో చూసుకోండి. బాగుంటే వారానికి పది నిమిషాలు పెంచండి. మూడో వారం నుంచి బ్యాక్‌హ్యాండ్ డ్రైవ్, తర్వాత టాప్‌స్పిన్ కలపండి. స్కోరు లెక్కపెట్టే ఆటలు నెల తర్వాతే, ఎందుకంటే 9–9 దగ్గర ఎంత చెప్పినా పట్టు బిగుస్తుంది. సర్వీసు ప్రాక్టీస్ ఒక్కసారిగా చేయకుండా కొంచెం కొంచెంగా చేయండి. బ్యాక్‌హ్యాండ్ ఫ్లిక్ అన్నిటికంటే చివర, అదీ మొదట్లో రోజుకు పది పదిహేనుకు మించకుండా. నీళ్ల సీసా వ్యాయామం మాత్రం వారానికి రెండు రోజులు, టీటీ ఆడినన్నాళ్లూ ఉండాలి.