పాఠం 18: చిత్రగుప్తుడి చిట్టా – అద్భుత కథల్లో మృత్యువు, పరలోకం

18.1 పాఠ పరిచయం

ఢిల్లీలో ధౌలా కువాన్ మీదుగా ప్రయాణం చేసే తెలుగువారికి అక్కడికి దగ్గరలోని శ్రీ వేంకటేశ్వర కళాశాల తెలిసే ఉంటుంది. తిరుమల తిరుపతి దేవస్థానాల ఆధ్వర్యంలో 1961లో ఏర్పడిన కళాశాల అది. 'ధౌలా కువాన్' అంటే తెల్ల బావి అని అర్థం. మన జానపద కథల్లో బావి నీళ్ళు తోడుకోవడానికి మాత్రమే కాదు. కథానాయకుడు దిగితే అడుగున మెట్లుంటాయి. మెట్ల కింద మరో లోకం ఉంటుంది.

అలాంటి లోకాల్లో మనకు బాగా పరిచయమైనది యమలోకం. చనిపోయినవారు ఎక్కడికి వెళతారు? వెళ్ళినవారు తిరిగి రాగలరా? ఈ ప్రశ్నలకు కథలు ఇచ్చిన జవాబులను ఈ పాఠంలో పరిశీలిద్దాం.

సూచన: మీ ఇంట్లో ఈమధ్య ఎవరైనా పోయి ఉంటే ఈ పాఠం చదవడం కష్టం కావచ్చు. అలాంటప్పుడు ముందు 19వ పాఠం చదివి, తర్వాత దీనికి రండి.

18.2 ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తర్వాత మీరు:
• అద్భుత కథలో పరలోకానికి ఉండే నియమాలను గుర్తించగలుగుతారు.
• మృత్యువును గురించిన కథలను 'గడువు కథలు', 'తప్పు కథలు' అని వర్గీకరించగలుగుతారు.
• మరణాన్ని తెలిపే తెలుగు పదాలను సందర్భానికి తగినట్లు వాడగలుగుతారు.

18.3 గడువు కథ: సావిత్రి

మహాభారతం అరణ్యపర్వంలో సావిత్రి కథ ఉంది. తెలుగులో ఈ భాగాన్ని రచించినవాడు ఎర్రన. సత్యవంతుడు ఏడాదిలో మరణిస్తాడని నారదుడు ముందే చెబుతాడు. అయినా సావిత్రి అతన్నే వరిస్తుంది. గడువు రోజున యముడు ప్రాణాలు తీసుకుపోతుంటే వెంట నడుస్తుంది. ఆమె ధర్మబద్ధమైన మాటలకు సంతోషించి, భర్త ప్రాణం తప్ప మరేదైనా కోరుకోమంటాడు యముడు. ఆమె మామగారికి చూపునూ రాజ్యాన్నీ కోరుతుంది. తండ్రికి కొడుకులను కోరుతుంది. చివరకు తనకు సంతానం కావాలంటుంది. యముడు సరేనంటాడు. ఇచ్చిన మాట నిలవాలంటే సత్యవంతుడు బతకాలి.

ఇక్కడ ఒక విషయం గమనించండి. సావిత్రి యముడితో యుద్ధం చేయలేదు. యమలోకపు నియమం 'మాట తప్పకూడదు'. ఆ నియమంతోనే ఆమె గెలిచింది. అద్భుత కథలో ఏదైనా జరగవచ్చని చాలామంది అనుకుంటారు. అది సరికాదు. మంచి అద్భుత కథలోని లోకానికి దాని కట్టుబాట్లు దానికి ఉంటాయి.

పాఠ్యగత ప్రశ్నలు 18.1
1. సత్యవంతుడి మరణం గురించి సావిత్రికి ముందే చెప్పినదెవరు?
2. సావిత్రికి గెలుపునిచ్చిన నియమం ఏది?

18.4 తప్పు కథ: యమలోకం కచేరీ అయిన వేళ

సి. పుల్లయ్య 1933లో 'సావిత్రి' చిత్రాన్ని కలకత్తా ఈస్టిండియా ఫిల్మ్ కంపెనీకి తీశారు. అందులో వేమూరి గగ్గయ్య యముడు. అదే పుల్లయ్య 1960లో 'దేవాంతకుడు' తీశారు. దీనికి మూలం 1958 నాటి ఒక బెంగాలీ చిత్రం. ఇందులో ఎన్.టి. రామారావు కథానాయకుడు, ఎస్.వి. రంగారావు యముడు. మొదటి చిత్రంలో భయపెట్టిన యముడే రెండో చిత్రంలో నవ్వు పుట్టిస్తాడు.

'యమగోల' (1977)లో కథానాయకుడు యమలోకంలో సమ్మె చేయిస్తాడు. దేశంలో అత్యవసర పరిస్థితి ముగిసింది ఆ ఏడాది మార్చిలోనే. అధికారాన్ని ప్రశ్నించే కథకు ప్రేక్షకులు ఎందుకు చేరువయ్యారో ఆలోచించండి. 'యముడికి మొగుడు' (1988)లో కథానాయకుణ్ణి ఆయువు తీరకముందే పొరపాటున తీసుకువస్తారు. తిరిగి పంపుదామంటే శరీరం దహనమైపోయింది. అందుకని అదే పోలిక ఉన్న మరొకరి శరీరంలోకి పంపుతారు.

ఈ కథల్లో యమలోకం ఒక కచేరీ. చిట్టాలుంటాయి, గుమాస్తాలుంటారు, పొరపాట్లూ ఉంటాయి. మనకు నవ్వు వస్తుంది. కాని ఆ నవ్వు వెనక ఉన్నదేమిటి? చిన్న వయసులో కొడుకును పోగొట్టుకున్న తల్లి "నా బిడ్డకు అప్పుడే నూకలు చెల్లాయా?" అంటుంది. ఆ చిట్టా మరోసారి చూడమనే ఆమె అడుగుతున్నది. జీవితంలో ఆ చిట్టా చూపించేవారు లేరు. కథ మాత్రం దాన్ని తెరిచి "అవునమ్మా, లెక్క తప్పింది" అంటుంది. ఆ ఒక్క మాట కోసమే మనం ఆ కథ దగ్గరికి వెళతాం.

18.5 చిట్టా భూమి మీద పడితే?

'యమలీల' (1994)లో యమలోకపు 'భవిష్యవాణి' గ్రంథం జారి భూమి మీద పడుతుంది. దొరికినవాడు మొదట సొంత లాభానికి వాడుకుంటాడు. ఒకనాడు అందులో తన తల్లి మరణఘడియ కనిపిస్తుంది. అప్పుడు అతని తపనంతా తల్లి కోరిక తీర్చడం మీదికి మళ్ళుతుంది. ఇది మళ్ళీ గడువు కథ. తప్పు కథ 'చావును వెనక్కి తిప్పగలమా?' అని అడుగుతుంది. గడువు కథ 'ఉన్న కాలంలో ఏం చేయాలి?' అని అడుగుతుంది. రెండో ప్రశ్నకు జవాబు మన చేతుల్లో ఉంది.

ఇతర భాషల రచయితలూ ఈ విషయం ఆలోచించారు. ఆంగ్ల రచయిత టోల్కీన్ కథాలోకంలో ఎల్ఫులకు ముసలితనపు చావు లేదు. మనుషులకు ఉంది. ఆ చావును సృష్టికర్త ఇచ్చిన వరంగా ఆయన చిత్రించారు. అమెరికా రచయిత్రి ఉర్సులా లెగ్విన్ 1972 నాటి నవలలో ఒక మాంత్రికుడు చావులేకుండా ఉండాలని రెండు లోకాల మధ్య తలుపు తెరుస్తాడు. దాంతో బతికినవారి లోకంలోని సారమంతా ఇంకిపోతుంది.

18.6 భాషాంశం

'కన్నుమూశారు', 'కాలం చేశారు', 'పరమపదించారు' గౌరవంగా చెప్పే మాటలు. 'పోయారు' వాడుక మాట. 'నూకలు చెల్లాయి' అంటే ఆయువు తీరిందని. పరామర్శకు వెళ్ళినచోట ఈ చివరి మాట మనం అనకూడదు. ఆ ఇంటివారు అంటే అది దుఃఖం, బయటివారు అంటే తేలిక చేయడం.

18.7 సారాంశం

• అద్భుత కథలో పరలోకానికి నియమాలుంటాయి.
• తప్పు కథ దుఃఖంలోని ప్రశ్నకు గొంతునిస్తుంది.
• గడువు కథ ఉన్న కాలం విలువను చూపుతుంది.

18.8 పాఠాంత ప్రశ్నలు

1. 'సావిత్రి', 'యమలీల' కథల పోలికలను పది వాక్యాల్లో రాయండి.
2. యమలోకాన్ని కచేరీగా చూపడం వల్ల కథకు కలిగే ప్రయోజనమేమిటి?
3. కృత్యం: మీ ఇంట్లో పెద్దవారిని అడిగి, చనిపోయి తిరిగి వచ్చినవారి కథ ఒకటి రాసుకోండి. అది ఏ వర్గానికి చెందుతుందో చెప్పండి. కథ చెప్పినవారి పేరు, వయసు, ఊరు కింద రాయండి. ఈ పని వాయిదా వేయకండి.

పాఠ్యగత ప్రశ్నలకు జవాబులు
18.1: 1. నారదుడు. 2. ఇచ్చిన మాట తప్పకూడదన్న నియమం.